వచ్చినదెంత, మిగిలినదెంత: ఒక సేవా క్లబ్బు రెండేళ్ల జమాఖర్చులు

ఈ అనుభవం మా క్లబ్బుది. 41 మంది సభ్యులున్న చిన్న సేవా సంఘం మాది. వరసగా రెండేళ్లు నేను కోశాధికారిగా ఉన్నాను. మొదటి ఏడాది నిధుల సేకరణ బ్రహ్మాండంగా జరిగిందని అందరం సంబరపడ్డాం, కానీ చేతికి మిగిలింది చాలా తక్కువ. రెండో ఏడాది వసూలు తగ్గింది, సేవకు మిగిలిన సొమ్ము మాత్రం మూడు రెట్లు దాటింది. ఈ మధ్యలో ఏం మార్చాం, ఎక్కడ పొరపాటు చేశాం, ఏది ఇంకా కుదరలేదు అన్నది పద్దుల పుస్తకం పక్కన పెట్టుకుని రాస్తున్నాను. ఇలాంటి సంఘాల్లో డబ్బు చూసే బాధ్యత నెత్తిన పడినవాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

సొమ్ము వివరాలు కరెన్సీలో చెప్పడం లేదు. మొదటి ఏడాది వార్షిక కార్యక్రమానికి వచ్చిన మొత్తాన్ని 100 అనుకుని, మిగతావన్నీ దాంతో పోల్చి చెబుతాను. ఎక్కడివాళ్లయినా తమ లెక్క పక్కన పెట్టి చూసుకోవడానికి అదే సులువు.

కార్యక్రమం జరిగిన రాత్రి

మా క్లబ్బు ఏటా ఒక సాంస్కృతిక సాయంత్రం పెట్టేది. హాల్ అద్దెకు తీసుకుని, పాటల బృందాన్ని పిలిచి, టికెట్లు అచ్చువేయించి ఒక్కో సభ్యుడి చేతిలో రెండేసి పుస్తకాలు పెట్టేవాళ్లం. వచ్చినవాళ్లకు భోజనాలు. నేను కోశాధికారినైన ఏడాది కూడా అలాగే జరిగింది. హాల్ నిండిపోయింది. వెనక గదిలో బల్ల మీద నోట్లు పోసి, కట్టలు కట్టి లెక్కపెట్టాం. మొత్తం ఎంతో చెప్పగానే గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంట్ గారు ఆ అంకెను అప్పటికప్పుడే స్టేజీ ఎక్కి ప్రకటించేశారు. అది వసూలైన మొత్తం. అప్పటికి ఒక్క బిల్లు కూడా నా చేతికి రాలేదు.

తర్వాత మూడు వారాల పాటు బిల్లులు ఒక్కొక్కటే వచ్చాయి. చివరికి తేలిన లెక్క ఇది. వచ్చింది 100. హాల్ అద్దెకు 22. సౌండ్, లైట్లు, స్టేజీ అలంకరణకు 17. కళాకారులకు 19. భోజనాలకు 16. అచ్చు, బ్యానర్లు, చిల్లర ఖర్చులకు 7. ఖర్చంతా కలిపితే 81. మిగిలింది 19.

19 అయినా మిగిలింది కదా అన్నారు కొందరు. నాకూ మొదట అలాగే అనిపించింది. ఒక ఆదివారం కూర్చుని టికెట్ల కౌంటర్‌ఫాయిళ్లు అన్నీ తిరగేశాను. ఎవరు ఎన్ని కొన్నారో పేరు పేరునా రాసుకున్నాను. 100లో 58 మా సభ్యులు, మా బంధువులు, మాతో వ్యాపారం చేసేవాళ్లు కొన్నవే. బయటివాళ్లు కొన్నది 42. ఈ లెక్క చూశాక నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మేమూ మావాళ్లూ 58 పెడితే, అవసరమున్నవాళ్లకు చేరింది 19. హాల్ జోలికి పోకుండా ఆ 58 నేరుగా ఇచ్చేసి ఉంటే మూడు రెట్లు చేరేది.

సమయం సంగతి కూడా చూడాలి. ఆ కార్యక్రమం కోసం 28 మంది తిరిగారు. తలా 25 గంటలు వేసుకున్నా 700 గంటలు. ఆ ఏడాది మొత్తం మీద సేవా పనులకు మేం ఇచ్చిన సమయం అందులో సగం కూడా లేదు. నిధుల సేకరణ లెక్కల్లో ఈ గంటల్ని ఎవరూ రాయరు. నా మటుకు నాకు డబ్బు కన్నా ఇవే ఎక్కువ విలువైనవి, ఎందుకంటే ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ వచ్చేవాళ్ల ఓపిక అక్కడే అయిపోతుంది.

వీటన్నిటికన్నా నన్ను కదిలించింది ఒక పెద్దావిడ మాట. ఏటా తప్పకుండా రెండు టికెట్లు కొనేవారు, ఎన్నడూ కార్యక్రమానికి వచ్చేవారు కాదు. డబ్బులు తీసుకోవడానికి నేనే వెళ్లాను. కవరు చేతికిస్తూ, "పోయినేడు ఇచ్చింది దేనికి వాడారు బాబూ?" అని అడిగారు. "మంచి పనులకేనమ్మా" అన్నాను. "అది నాకు తెలుసులే. ఏ పనికి?" అన్నారు. ఆవిడ గొంతులో అనుమానం లేదు, తెలుసుకోవాలన్న కోరికే ఉంది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి పుస్తకాలు చూసినా దొరకలేదు.

ఒకే ఖాతా తెచ్చిన చిక్కు

జవాబు ఎందుకు దొరకలేదంటే మా క్లబ్బుకు ఉన్నది ఒకే బ్యాంకు ఖాతా. సభ్యత్వ రుసుము, టికెట్ల డబ్బు, ఎవరో ఇచ్చిన విరాళం, అన్నీ అందులోనే పడేవి. నెలవారీ మీటింగు టీ ఖర్చు, మైకు రిపేరు, కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకునే సభ ఖర్చు, పిల్లలకు కొన్న పుస్తకాలు, అన్నీ అందులోంచే పోయేవి. ఎవరూ ఒక్క పైసా తినలేదు. అయినా ఆ పెద్దావిడ ఇచ్చిన డబ్బు పుస్తకాలకు వెళ్లిందో, మా టీకి వెళ్లిందో తేల్చి చెప్పే దారి లేదు. నిజాయితీ ఉండి కూడా రుజువు చూపించలేని స్థితి అది.

మాది స్వతంత్రంగా రిజిస్టరైన సంఘం, ఏ అంతర్జాతీయ సంస్థకూ అనుబంధం కాదు. అందుకే పెద్ద సంస్థలు ఈ చిక్కును ఎలా దాటాయో చూడటం మొదలుపెట్టాను. లయన్స్ క్లబ్బుల్లో దీనికి గట్టి నియమం ఉంది. ప్రజల దగ్గర సేకరించిన డబ్బు ప్రజల పనులకే వెళ్లాలి. క్లబ్బు నిర్వహణ ఖర్చు సభ్యులు కట్టే రుసుములోంచే జరగాలి. అందుకోసం పరిపాలనకు ఒక ఖాతా, సేవా కార్యక్రమాలకు ఒక ఖాతా విడివిడిగా ఉంచుతారు. సేకరణ కార్యక్రమానికి నేరుగా అయిన ఖర్చును వచ్చిన దాంట్లోంచి తీసుకోవచ్చు గానీ, మీటింగుల ఖర్చుకు అందులోంచి ముట్టుకోకూడదు. 1917లో చికాగోలో బీమా వ్యాపారి మెల్విన్ జోన్స్ పూనుకోవడంతో మొదలైన సంస్థ అది. వందేళ్లు దాటినా జనం నమ్ముతున్నారంటే ఈ నియమానికి అందులో పెద్ద వాటా ఉందని నేననుకుంటాను.

రోటరీ చరిత్రలో ఇంకో చిన్న విషయం నాకు బాగా నచ్చింది. ఆర్చ్ క్లంఫ్ అనే రోటరీ అధ్యక్షుడు 1917లో, సేవ కోసం ఒక శాశ్వత నిధి పెడదామని సూచించారు. దానికి వచ్చిన మొట్టమొదటి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. 1918లో కాన్సాస్ సిటీ క్లబ్బువాళ్లు తమ దగ్గర జరిగిన మహాసభ ఖర్చులన్నీ పోగా మిగిలింది పంపారు. ఈ రోజు ప్రపంచమంతా తెలిసిన రోటరీ ఫౌండేషన్‌కు తొలి సొమ్ము అదే. ఖర్చులు పోను నిజంగా చేతిలో మిగిలిన డబ్బు. కార్యవర్గం మీటింగులో ఈ సంగతి చెప్పాను. మా ప్రెసిడెంట్ గారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇక స్టేజీ మీద మిగిలిందే చెబుదాం" అన్నారు. అంతకు ముందు ఆయనే వసూలు అంకె ప్రకటించిన మనిషి. ఆ ఒక్క మాటతో నా పని సగం తేలికైంది.

ఆ నెలలోనే రెండో ఖాతా తెరిచాం. రెండు ఖాతాలకూ ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు కదిలేలా పెట్టాం. సభ్యత్వ రుసుము కొంచెం పెంచాల్సి వచ్చింది. ఇద్దరు సభ్యులు దీనికి ఒప్పుకోక మానేశారు. వాళ్లు వెళ్లిపోవడం నాకు బాధనిపించింది, కానీ మా టీ ఖర్చు మేం పెట్టుకోవడంలో తప్పు ఎక్కడుందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ముందు పని, తర్వాత డబ్బు

అప్పటిదాకా మా పద్ధతి ఏమిటంటే, ముందు డబ్బు పోగుచేయడం, తర్వాత దాంతో ఏం చేద్దామా అని ఆలోచించడం. అందువల్ల ఏడాదికి 9, 10 రకాల పనులు చేసేవాళ్లం. ఒక చోట మొక్కలు, ఒక చోట నోటు పుస్తకాలు, ఇంకో చోట దుప్పట్లు. అన్నీ ఒక్కరోజు పనులే. మళ్లీ అటు వెళ్లి చూసింది లేదు.

దీన్ని తిరగేశాం. ఏం చేయాలో ముందు తేల్చుకుని, దానికి ఎంత కావాలో లెక్కేసి, అప్పుడు మాత్రమే అడగాలని నిర్ణయించుకున్నాం. పోలియో విషయంలో రోటరీ చేసింది ఇదే. 1979లో ఫిలిప్పీన్స్‌లో 60 లక్షల మంది పిల్లలకు పోలియో చుక్కలు వేసే పనితో మొదలుపెట్టి, 1985లో ప్రపంచమంతటికీ పోలియో ప్లస్ అనే కార్యక్రమం ప్రకటించారు. 12 కోట్ల డాలర్లు పోగుచేయాలనుకుంటే 1988 నాటికి 24 కోట్ల 70 లక్షలు వచ్చాయి. డబ్బు ఎందుకో ఒక్క ముక్కలో చెప్పగలిగారు కాబట్టే అనుకున్నదానికి రెట్టింపు వచ్చిందని నా నమ్మకం.

మేం ఎంచుకున్నది బడిపిల్లల చూపు. సభ్యుల్లో ఇద్దరు టీచర్లు ఉండటం ఒక కారణం. రెండోది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన చూపు నివేదిక. ప్రపంచంలో కనీసం 220 కోట్ల మందికి చూపు లోపం ఉందనీ, వాళ్లలో కనీసం 100 కోట్ల మంది లోపం నివారించగలిగినదో ఇంకా సరిచేయాల్సినదో అనీ అందులో ఉంది. కళ్లద్దాలతో పోయే లోపాలు కూడా అందులో ఉన్నాయి. ఆపరేషన్ అక్కర్లేదు, ఆస్పత్రి అక్కర్లేదు. ఒక చార్టు, ఒక తాడు, కాస్త ఓపిక ఉన్న మనుషులు చాలు. అది మా తాహతుకు సరిపోయే పని.

ఆరు మీటర్ల తాడు

ఈ పని ఎలా చేశామో కొంచెం వివరంగా రాస్తాను. డబ్బు ఎక్కడ అవసరమో మాకు తెలిసింది ఇక్కడే.

చూపు పరీక్షించి కళ్లద్దాల నంబరు చెప్పే ఆప్టోమెట్రిస్ట్ గారు ఒకరు సగం పూట మాకు శిక్షణ ఇచ్చారు. చార్టు పిల్లవాడి కళ్ల ఎత్తులో ఉండాలి, దాని మీద వెలుతురు పడాలి, కిటికీ చార్టు వెనక ఉండకూడదు. 6 మీటర్ల దూరం కొలవడానికి నైలాన్ తాడు ఒకటి తెచ్చి, రెండు చివరలా ముడులు వేశాం. తాడు పరిచి, ఆ కొస దగ్గర సుద్దతో గీత గీస్తాం. పిల్లల మడమలు ఆ గీత మీద ఉండాలి. అక్షరాలు రాని చిన్నపిల్లలకు ఇంగ్లీషు 'ఈ' అక్షరం ఉన్న చార్టు వాడాం. దాని కాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో పిల్లలు వేళ్లతో చూపిస్తారు. ఒక కన్ను మూసేటప్పుడు అరచేతిని గిన్నెలా పెట్టాలి, కంటిని నొక్కకూడదు. నొక్కితే ఆ కన్ను చూసే వంతు వచ్చేసరికి మసకగా ఉంటుంది, పరీక్ష తప్పుతుంది. 6/12 గీత కూడా చదవలేని పిల్లల్ని డాక్టర్ దగ్గరకు పంపాలన్నది మాకిచ్చిన నియమం. మామూలు చూపున్నవాళ్లు 12 మీటర్ల నుంచి చదవగలిగిన దాన్ని 6 మీటర్ల దగ్గరకొస్తే గానీ చదవలేకపోవడం 6/12.

ఒక పిల్లవాడు బాగా గుర్తున్నాడు. రెండు కళ్లూ తెరిచి ఉంచితే గడగడా చెప్పాడు. కుడి కన్ను మూయగానే తల పక్కకు తిప్పి, వేళ్ల సందులోంచి చూడటం మొదలుపెట్టాడు. చేయి సరిగ్గా పెట్టించాక మొదటి గీత దగ్గరే ఆగిపోయాడు. "నాకు ఈ కన్ను అంతే సార్" అన్నాడు. అందరికీ ఒక కన్ను అలాగే ఉంటుందని అనుకుంటున్నాడు. తొమ్మిదేళ్లవాడు.

రెండు బళ్లలో 412 మందిని చూశాం. 37 మందికి చీటీలు రాసి, తల్లిదండ్రులతో కలిసి డాక్టర్ దగ్గరకు వెళ్లమని పంపాం. ఫోటోలు దిగాం, ఇంటికొచ్చేశాం. నెల తర్వాత వాకబు చేస్తే డాక్టర్ దాకా వెళ్లింది 14 మంది. మిగతా 23 మంది చీటీలు సంచుల్లోనే ఉన్నాయి. పనిమానుకుని పిల్లవాణ్ని తీసుకెళ్లడం ఆ ఇళ్లలో తేలిక కాదు. మేం చేసిన 412 పరీక్షలు ఆ 23 మందికి ఎందుకూ పనికిరాలేదు.

పరీక్ష చేయడానికి పెద్దగా ఖర్చు లేదు, అసలు ఖర్చు ఆ తర్వాత ఉందని అప్పుడు అర్థమైంది. అద్దాల పెట్టెతో సహా ఆప్టోమెట్రిస్ట్‌నే బడికి తీసుకొచ్చాం. ముందురోజు సాయంత్రం తల్లిదండ్రులకు ఫోన్లు చేశాం. 23 మందిలో 22 మందికి పరీక్ష పూర్తయింది. మొత్తం చూపించుకున్న 36 మందిలో 29 మందికి కళ్లద్దాలు కావాల్సి వచ్చింది, ముగ్గురిని ఆస్పత్రికి పంపాల్సి వచ్చింది, నలుగురికి ఏమీ లేదు.

మూడు నెలల తర్వాత చెప్పకుండా వెళ్లి చూశాం. 29 మందిలో పెట్టుకున్నది 17 మంది. మిగతా 12 మందినీ ఒక్కొక్కరినీ అడిగాం. నలుగురివి విరిగాయి. ముగ్గురి ఇళ్లలో "పాడైపోతాయి, దాచి పెట్టు" అని పెట్టెలో పెట్టారు. ఐదుగురు మాత్రం తోటి పిల్లలు ఏడిపిస్తున్నారని తీసేశారు. ఆ ఐదుగురిలో నలుగురు ఆడపిల్లలు. మేం అందరికీ ఒకే రకం ఫ్రేమ్ కొన్నాం, లావుపాటిది, ధర తక్కువని. ఆ ఫ్రేమ్ చూడగానే ఉచితంగా ఇచ్చినవని తెలిసిపోతోంది. డబ్బు ఆదా చేశామనుకున్నాం గానీ, పెట్టుకోని కళ్లద్దాలకు ఎంత పెట్టినా దండగే.

ఆ తర్వాతి బడిలో పది రకాల ఫ్రేములు బల్ల మీద పెట్టి, అద్దం ఇచ్చి, నచ్చింది తీసుకోమన్నాం. ప్రతి తరగతిలో టీచర్ పది నిమిషాలు కళ్లద్దాల గురించి మాట్లాడారు. విరిగితే మళ్లీ ఇస్తామని ఇంటికి చీటీ పంపాం. అక్కడ 26 మందికి ఇస్తే, మూడు నెలలకు 21 మంది ముఖాన ఉన్నాయి.

ఎలా అడిగాం

పని ఇంత స్పష్టంగా ఉన్నాక అడగడం మారిపోయింది. "క్లబ్బుకు విరాళం ఇవ్వండి" అనడం మానేసి, "ఒక పిల్లవాడి పరీక్ష, కళ్లద్దాలు, విరిగితే ఇంకో జత, ఇదీ ఖర్చు" అని చెప్పడం మొదలుపెట్టాం. ఎంతమంది పిల్లలకు ఇస్తారో వాళ్లే చెప్పేవాళ్లు.

ఎక్కువ ఫలితమిచ్చింది నెలవారీ వాగ్దానాలు. ఏడాదికోసారి పెద్ద మొత్తం అడిగితే ఆలోచించేవాళ్లు, నెలకు కొంచెం అంటే వెంటనే ఒప్పుకున్నారు. మొదట ఆన్‌లైన్ లింకు ఒకటి తయారుచేసి గ్రూపులన్నిటిలో పెట్టాం. దాదాపు ఏమీ రాలేదు. గ్రూపులో పెట్టిన విన్నపం ఎవరికీ తనకని అనిపించదు. తర్వాత సభ్యులు తలా పదిమంది పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మాట్లాడి, మాట అయ్యాక లింకు పంపారు. అప్పుడు కదిలింది. ఫోన్ చేయడానికి మొహమాటపడ్డ సభ్యులే ఎక్కువ. వాళ్లకు నేను చెప్పింది ఒకటే. మీకోసం అడగడం లేదు కదా. వాళ్లు కాదంటే, సరేనండీ అని ఇంటి కబుర్లు మాట్లాడి పెట్టేయండి, రెండోసారి అడగకండి. బలవంతం లేదని తెలిసిన ఇద్దరు ముగ్గురు తర్వాత వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి చేరారు.

రెండోది నడక కార్యక్రమం. 5 కిలోమీటర్లు నడుస్తాం, కిలోమీటరుకు ఇంత ఇస్తామని నడిచేవాళ్ల స్నేహితులు ముందే మాట ఇస్తారు. ఖర్చు మంచినీళ్లు, ప్రథమ చికిత్స, అనుమతులు, అంతే. కాలేజీ పిల్లలు ఎక్కువగా వచ్చారు. ఇస్తామన్న డబ్బు వసూలు చేయడం దీంట్లో కష్టం. నడక అయిన వారంలోపు అడిగినవి చాలావరకు వచ్చాయి, ఆ తర్వాత అడిగినవి సగం కూడా రాలేదు.

కుదరనివీ ఉన్నాయి. కౌంటర్ల మీద హుండీ డబ్బాలు పెట్టాం. తాళం ఎవరి దగ్గరుందో, ఎప్పుడు తెరవాలో ఎవరికీ పట్టలేదు. ఒక డబ్బా కనిపించకుండా పోయింది. అందులో ఎంతుందో చెప్పలేకపోవడం నాకు చాలా సిగ్గనిపించింది, మర్నాడే అన్నీ తీసేయించాను. లక్కీ డ్రా పెడదామని ఒక సూచన వచ్చింది. చాలా చోట్ల అది లాటరీ చట్టం కిందికి వస్తుంది, ముందుగా అనుమతి కావాలి. ఆ టెన్షన్ మాకెందుకని వదిలేశాం.

ఇచ్చిన ప్రతి ఒక్కరికీ నెలలోపు ఒక పేజీ పంపడం నేను పట్టుబట్టి పెట్టిన నియమం. ఎంత వచ్చింది, ఎంతమంది పిల్లలకు వెళ్లింది, ఏది కుదరలేదు. 17 మందే పెట్టుకుంటున్నారన్న సంగతి కూడా అందులో రాశాం. రాయొద్దని సెక్రటరీ గారు అన్నారు, ఇచ్చేవాళ్లు వెనక్కి తగ్గుతారని ఆయన భయం. రాసిన తర్వాత నలుగురు ఫోన్ చేసి, కొత్త ఫ్రేములకు మేమిస్తాం అన్నారు.

రక్తదానం గురించి ఒక మాట. మేం ఏటా క్లబ్బు వార్షికోత్సవం రోజున పెద్ద శిబిరం పెట్టేవాళ్లం, ఎన్ని యూనిట్లయితే అంత గొప్పగా చెప్పుకునేవాళ్లం. రక్తనిధి కేంద్రంలో ఒక అధికారి ఓపిగ్గా వివరించారు. ఎర్రకణాలు వాడే ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులే నిల్వ ఉంటాయి, ప్లేట్‌లెట్లు సాధారణంగా 5 రోజులే. అందరూ ఒకే రోజు ఇచ్చేస్తే ఆ వారం ఎక్కువైపోతుంది, కొన్ని వారాల తర్వాత అవసరమైనప్పుడు అదే దాతలు అప్పుడే మళ్లీ ఇవ్వలేరు. శిబిరం మానేసి, దాతల పేర్లు గ్రూపుల వారీగా రాసి, కేంద్రం అడిగినప్పుడు పంపుతున్నాం. ఫోటోలకు ఏమీ మిగలదు. పని మాత్రం జరుగుతోంది.

నేను చేసిన తప్పు

నేను కోశాధికారిని కాకముందు నాటి పాత టికెట్ పుస్తకాల్లో 6 తిరిగి రాలేదు. డబ్బూ లేదు, కౌంటర్‌ఫాయిళ్లూ లేవు. కొత్త పద్ధతి మీద ఉత్సాహంలో ఉన్నాను. నెలవారీ మీటింగులో ఆ ఆరుగురి పేర్లు పైకి చదివాను. అందులో ఒకరు క్లబ్బు పెట్టినప్పటి నుంచీ ఉన్న పెద్దాయన. ఆయన ఏమీ అనలేదు, లేచి నిలబడి కండువా సర్దుకుని వెళ్లిపోయారు. తర్వాత రెండు మీటింగులకు రాలేదు.

వాళ్లింటికి వెళ్లాను. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. లోపలికెళ్లి ఒక పాకెట్ డైరీ తెచ్చి పేజీ చూపించారు. టికెట్ల డబ్బు ఫలానా తేదీన, ఫలానా చోట, అప్పట్లో లెక్కలు చూస్తున్న సభ్యుడి చేతికి ఇచ్చినట్టు పెన్సిల్‌తో రాసి ఉంది. "రసీదు అడగలేదు నాయనా. మనవాడే కదా, అడిగితే ఏమనుకుంటాడో అని" అన్నారు. డబ్బు తీసుకున్నాయనను అడిగితే, తీసుకున్నమాట నిజమే, పుస్తకంలో ఎక్కించడం మర్చిపోయాను, ఖాతాలో మాత్రం వేశాను అన్నారు. పాస్‌బుక్ చూస్తే ఆ మొత్తం ఉంది. పేరు లేకుండా పడి ఉంది.

తర్వాతి మీటింగులో, పేర్లు చదివిన చోటే నిలబడి క్షమాపణ చెప్పాను. పెద్దాయన వచ్చారు. ఆ రోజు నుంచి ఎంత చిన్న మొత్తమైనా, ఎవరిచ్చినా, తీసుకున్నవాళ్లు అక్కడికక్కడే రసీదు రాయాలని పెట్టాం. అప్పటిదాకా రసీదు అంటే క్లబ్బు భద్రత కోసమని అనుకునేవాణ్ని. ఇచ్చినవాడి పరువు కూడా దాని మీదే ఆధారపడి ఉంటుందని ఆయన ఇంట్లో కూర్చున్నప్పుడు తెలిసింది.

ఇంకో పొరపాటు ఫోటోలది. కళ్లద్దాలు అందుకుంటున్న పిల్లల ముఖాలు, వెనక బ్యానరు, చుట్టూ మేము. ఒక తల్లి వచ్చి, "మావాడి ఫోటో తీసేయండి సార్, అందరూ అడుగుతున్నారు" అంది. తీసేశాం. ఇప్పుడు తాడు, చార్టు, ఫ్రేముల బల్ల ఫోటోలే పంపుతున్నాం. ఎవరూ తక్కువ ఇవ్వలేదు.

రెండో ఏడాది పద్దు

మొదటి ఏడాది 100తో పోలిస్తే రెండో ఏడాది వచ్చింది 70. సభ్యుల నెలవారీ వాగ్దానాలు 30, బయటివాళ్లవి 14, నడక ద్వారా 17, నాలుగు వ్యాపార సంస్థలు ఇచ్చింది 9. ఖర్చు 8. అందులో నడకకు 5, రసీదులు, ఉత్తరాలు, బ్యాంకు ఛార్జీలకు 3. మిగిలింది 62. అందులో పరీక్షలు, కళ్లద్దాలకు 41, మళ్లీ వెళ్లి చూడటానికి, విరిగినవాటికి 9, రక్తదాతల జాబితా పనికి 3. 9 చేతిలో ఉంది.

సభ్యులూ వాళ్ల చుట్టుపక్కలవాళ్లూ మొదటి ఏడాది 58 పెట్టారు, రెండో ఏడాది సభ్యులు పెట్టింది 30.

అయితే పోగొట్టుకున్నది కూడా ఉంది. సాంస్కృతిక సాయంత్రం ఆగిపోయాక ఇళ్లలోవాళ్లు క్లబ్బుకు దూరమయ్యారు. పిల్లలు స్టేజీ ఎక్కే అవకాశం పోయింది. అందరూ కలిసి పనిచేసే ఆ పదిహేను రోజుల సందడి లేక కొందరు సభ్యులు మీటింగులకు రావడం తగ్గించారు. ఆ కార్యక్రమం డబ్బు సరిగా తేకపోయినా మనుషుల్ని కలిపి ఉంచింది. ఈ సంగతి నేను ముందే ఆలోచించి ఉండాల్సింది. రెండో ఏడాది చివర్లో దాన్ని మళ్లీ పెట్టాం, చిన్నగా, సభ్యులు తమ ఖర్చుతో. ఆ డబ్బు పరిపాలన ఖాతాలోంచి వెళ్లింది. టికెట్లు లేవు. పాడింది మా పిల్లలే.

ఇంకా తేలనిది వారసత్వం. చాలా సేవా సంఘాల్లో లాగే మా దగ్గరా ఏటా కార్యవర్గం మారుతుంది. నేను రెండేళ్లు ఉండటమే మినహాయింపు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా కొత్త ప్రాజెక్టు, పాతదానికి సెలవు. ఇచ్చిన కళ్లద్దాలకు ఏడాదికోసారైనా మళ్లీ చూపు పరీక్ష కావాలి, పిల్లల నంబరు మారుతూ ఉంటుంది. కాబట్టి చేతిలో ఉన్న 9ని ఆ పునఃపరీక్షలకే వాడాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించి, మినిట్స్‌లో రాయించాను. వచ్చే కార్యవర్గం దాన్ని మార్చాలంటే మళ్లీ అందరి ముందుకు రావాలి.

బాధ్యతలు అప్పగించిన రోజు కొత్త కోశాధికారి, మా ఇద్దరు టీచర్లలో ఒకావిడ, ముందు రసీదు పుస్తకాలు అడిగారు. బ్యాంకు స్టేట్‌మెంటు పక్కన పెట్టుకుని ఒక్కో నంబరూ టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. 214 దగ్గర ఆగారు. స్టేట్‌మెంటులో ఆ మొత్తం లేదు. నాకు గుండె ఝల్లుమంది. పుస్తకం తిరగేస్తే 214 రద్దు చేసిన రసీదు, రెండు ప్రతులూ అడ్డగీత కొట్టి అక్కడే పిన్ను చేసి ఉన్నాయి, కింద 215లో అదే దాత పేరు, సరైన మొత్తం. ఆవిడ రెండూ చూసి, తల ఊపి, రిజిస్టర్లో సంతకం పెట్టారు. తర్వాత తాడు చేతిలోకి తీసుకుని, ఆరు మీటర్లూ సరిగ్గా ఉందా, వాడగా వాడగా సాగిందా అని అడిగారు. ఇద్దరం నేల మీద టేపు పరిచి కొలిచాం. నాలుగు వేళ్లంత సాగింది. ముడి విప్పి, సరిచేసి, మళ్లీ వేశారు.